యంత్రకంఠ విరహగీతములు

గాయనీగాయకు లెవ్వరును నిలిచి పాడకయే, గణకయంత్రము కూర్చిన కంఠధ్వనియందు వినవచ్చు వియోగగీతములకు ఈ పేరు చెల్లును. వలచినవారు విడిపోయిన పిదప ఒంటరిగా వినుటకై ఏరి పెట్టుకొను పాటలను సికింద్రాబాదు, హైదరాబాదు నగరముల యువజనులు 'బ్రేకప్ పాటలు' అనియు, 'లవ్ ఫెయిల్యూర్ పాటలు' అనియు వ్యవహరింతురు. 2003 ఆగస్టులో సికింద్రాబాదు, లింగంపల్లి స్టేషనుల నడుమ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడువ నారంభించుటకు కొలది నెలల ముందే, జపానునందలి యమహా సంస్థ 'వోకలాయిడ్' అను పాడెడి యంత్రవిద్యను లోకమునకు ప్రకటించి యుండెను. నేడు అవే రైళ్లలో చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని, కిటికీ వైపు మొగము త్రిప్పి కూర్చున్న యువకుడు వినుచున్న పాట మనిషి పాడినదో, యంత్రము పాడినదో ఒక్కొక్కప్పుడు అతనికే తెలియకపోవచ్చును.

తన దుఃఖమును పరాయి గొంతున వినుట తెలుగువారికి క్రొత్త గాదు. 17వ శతాబ్దివాడైన పదకర్త క్షేత్రయ్య పురుషుడై యుండియు తన పదములలో నాయిక నోట ప్రియుడగు మువ్వగోపాలుని నిష్ఠురము లాడించెను. ఆ పదములు దేవదాసీల కంఠములందును, అభినయమునందును నిలిచి మనవరకు వచ్చినవి. ఆలంకారికులు చెప్పిన అష్టవిధ నాయికలలో కలహాంతరిత యనునామె ప్రియునితో తగవులాడి, అతనిని వెడలగొట్టి, అతడు పోయిన పిదప తపించునది గనుక, నేటి బ్రేకప్ పాటకు ఆదినాయిక ఆమెయే యనుట అతిశయోక్తి గాదు. చలనచిత్రములు వచ్చిన పిదప ఈ యెరువుగొంతు ఒక వృత్తియైనది. 1953లో విడుదలయైన 'దేవదాసు' చిత్రమున మొగము అక్కినేని నాగేశ్వరరావుది, గొంతు ఘంటసాల వేంకటేశ్వరరావుది, మాటలు సముద్రాల రాఘవాచార్యులవి, బాణీలు సి.ఆర్. సుబ్బరామన్‌వి. ఆ చిత్రము ప్రేక్షకుల కడకు వచ్చుటకు ముందే, 1952లో, సుబ్బరామన్ కన్ను మూసెను. ఇందరు కలసి నిర్మించిన ఆ ఒక్కని వేదనను వినినవారు తమదిగా భావించి ఏడ్చిరి, ఏడువవలసినదే.

యంత్రమునకు గొంతు వచ్చిన చరిత్ర విరహముతో గాక వివాహప్రార్థనతో ప్రారంభమగుట ముచ్చట గొలుపును. 1961లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలయందు జాన్ కెల్లీ, కెరొల్ లాక్‌బామ్ అనువారు ఐ.బి.ఎం. 704 యంత్రముచే గానము చేయించిరి. మాక్స్ మాథ్యూస్ అనునతడు వాద్యసహకారము కూర్చెను. అది పాడినది 1892 నాటి 'డైసీ బెల్', అనగా బండి కొనలేని పేదవాడొకడు ఇద్దరు త్రొక్కెడి సైకిలును చూపి తన్ను పెండ్లాడుమని పిల్లను అర్థించు పాట. వియోగము తరువాత వచ్చినది. భూగర్భమున చమురు జాడలను ధ్వనితరంగములచే కనుగొను గణితమున ఆరితేరిన ఆండీ హిల్డెబ్రాండ్, ఆ గణితమునే కంఠస్వరమునకు అన్వయించి 1997లో 'ఆటోట్యూన్' అను స్వరశోధకమును నిర్మింపగా, మరుసటి యేట షేర్ అను గాయని పాడిన 'బిలీవ్' అను పాట ఆ సాధనముచే గొంతును బాహాటముగా వంచి లోకమంతట మారుమ్రోగెను. అది ప్రేమ చెడిన స్త్రీ పాట.

అయినను అది మనిషి గొంతునకు చేసిన మెరుగే. పూర్తిగా కూర్చిన గొంతు వోకలాయిడ్‌తో వచ్చినది. కెన్మోచి హిదెకి నాయకత్వమున, బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయపు సహకారముతో 2000లో మొదలైన ఈ పరిశోధనకు ఫలముగా 2004లో తొలి కృత్రిమగాయకులు విపణికి వచ్చిరి. ఇందలి కిటుకు ఇది: ఒక గాయనిచే అచ్చులు, హల్లులు, ఒక ధ్వనినుండి మరియొక ధ్వనికి మారెడి సంధులు వేరువేరుగా పలికించి నిలువ చేయుదురు, స్వరమును, సాహిత్యమును యంత్రమున కందించినచో, అది ఆ ముక్కలను అతికి, శ్రుతి సవరించి, కంపనము చేర్చి పాడును. 2007 ఆగస్టు 31న సప్పొరో నగరపు క్రిప్టన్ సంస్థ వెలువరించిన హత్సునె మికు అను పదునారేండ్ల కల్పితబాలికకు గొంతు నిచ్చినది ఫుజితా సాకి అను నటి. 2009లో మెగురినె లుకా అను మరియొక కల్పితగాయని నోట 'డిక్సీ ఫ్లాట్‌లైన్' అను మారుపేరుగల రచయిత 'జస్ట్ బీ ఫ్రెండ్స్' అను పాట పాడించెను. ఇక విడిపోవుటయే మేలని తెలిసికొన్న జంట కథ యది, ఈ జాతి గీతములలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇట్టి పాటలను వినినవారు వాటిని తమ సొంత గొంతున మరల పాడి నలుగురికి వినిపించుట జపానున ఆచారమైనది. కల్పితగాయనికి గడచిన జీవితము లేదు, పెండ్లి లేదు, విడాకులు లేవు. ఆమె పాటలో ఖాళీగా నున్న చోట వినువాడు తన కథను ఉంచుకొనగలడు. ఈ పాటల బలమంతయు ఇక్కడనే యున్నదని నా తలంపు.

వోకలాయిడ్ జపానీ, ఆంగ్లము, స్పానిషు, కొరియను, చైనీ భాషలలో పాడ నేర్చినది గాని తెలుగున నేర్వలేదు. లకార ళకారముల భేదము, ద్విత్వాక్షరముల ఒత్తు, హ్రస్వదీర్ఘముల తూనిక ఒక కష్టము. గమకము అంతకు మించిన కష్టము. ముఖారి, ఆహిరి, శుభపంతువరాళి వంటి రాగములలో శోకము స్వరస్థానముల యందు గాక, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారెడి దారియందుండును. మెట్లు మెట్లుగా స్వరము లడుగు యంత్రమునకు ఆ దారి సులభముగా దొరకదు.

తెలుగునకు కృత్రిమకంఠము వేరొక మార్గమున, అనగా గతించిన గాయకుల గొంతును అనుకరించుట ద్వారా ప్రవేశించినది. 2023 నవంబరులో విడుదలయైన 'కీడా కోలా' చిత్రమున, 2020 సెప్టెంబరు 25న దివంగతుడైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గొంతును కృత్రిమమేధచే పునఃసృష్టించి వినియోగించుటపై, తమ యనుమతి కోరలేదని ఆయన కుమారుడు చరణ్ ఆ చిత్రపు నిర్మాతలకును, సంగీతదర్శకునకును న్యాయవాది ద్వారా తాఖీదు పంపెను. ఆ సంగతి 2024 ఆరంభమున బయటికి వచ్చెను. ఇంచుమించు అదే సమయమున, 'లాల్ సలామ్' అను తమిళచిత్రమునకై గతించిన ఇరువురు గాయకుల గొంతులను పునఃసృష్టించిన ఎ.ఆర్. రహమాన్, వారి కుటుంబముల యనుమతి పొంది పారితోషికము నిచ్చితిమని ప్రకటించెను. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు, హిందీ విరహగీతములకు పేరెన్నిక గన్నట్టియు, 'మనం' చిత్రమున తెలుగు పాట పాడినట్టియు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేక అనుకరించుటను నిషేధించుచు తాత్కాలికాజ్ఞ ఇచ్చెను. క్షేత్రయ్య నాటినుండియు గొంతు ఎరువు తెచ్చుకొనుచునే యున్నాము. అయితే ఇచ్చువాడు ఇచ్చితినని ఎరుగకుండ తెచ్చుకొనుట మాత్రము ఇప్పటిదే, అది తప్పనియే నేనెంచుదును.

2023 చివరినుండి 'సునో' వంటి సాధనములు వచ్చి, తెలుగున నాలుగు పంక్తులు వ్రాసి యిచ్చినచో క్షణములలో వాద్యములతో కూడ పాట కూర్చి ఇచ్చుచున్నవి. ఇట్టి సాధనముల నిర్మాతలు తమ రికార్డులనే అనుమతి లేక పాఠముగా వాడుకొన్నారని పెద్ద సంగీతసంస్థలు 2024 జూన్‌లో అమెరికా న్యాయస్థానములయందు వ్యాజ్యములు వేసినవి. యంత్రము ఉచ్చారణలో అప్పుడప్పుడు దీర్ఘమును మ్రింగును, ఒత్తును వదలును. అయినను ప్రేమ చెడినవాడు తన కథనే, తన ఊరి పేరుతో, తన భాషలో వినగలుగుచున్నాడు. కొన్నాళ్లకు పల్లవిలోని ప్రియురాలి పేరును తుడిచివేసి అదే పాటను మరల పాడించుకొనగలడు. క్షేత్రయ్య నాయికకు గాని, దేవదాసునకు గాని ఈ వెసులుబాటు లేకపోయెను.