నడుం నొప్పి - నల్లగొండ బావి



తార్నాక చౌరస్తా దాటి ఉస్మానియా యూనివర్సిటీ వైపు వెళ్తుంటే జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. కూరల సంచీ పట్టుకుని ఆ గేటు ముందు నుంచి ఎన్నేళ్ళు నడిచానో! లోపల పప్పులో ఎంత బలముంది, ఆకుకూరలో ఎంత ఇనుముంది అని లెక్కలు కడతారు కాబోలు అనుకునేదాన్ని. మన నడుం నొప్పులకూ ఆ గేటుకూ సంబంధం ఉందని మా పెద్దత్తమ్మ వల్ల తెలిసింది.

ఆవిడ మా అత్తగారి అక్క. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లెటూరు. నలభై ఏళ్ళకే నడుం బిగుసుకుపోయింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సిందే. ఒకరు వాతమన్నారు, ఒకరు వెన్నుపూస జరిగిందన్నారు. బెల్టు కట్టారు, బరువులు వేలాడదీశారు. గాజులు అమ్ముకున్నదే గానీ గుణం లేదు. చివరికి ఒక పెద్ద డాక్టరు మందుచీటీ రాయకుండా, "ఏ నీళ్ళు తాగేవారమ్మా?" అని అడిగారు. "బావి నీళ్ళే బిడ్డా, మాకింకేం నీళ్ళుంటయ్?" అంది పెద్దత్తమ్మ. ముంజేతికి ఎక్స్‌రే తీయించారు. రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టి గట్టిపడి ఉంది. అది ఫ్లోరోసిస్.

ఈ జబ్బును మన తెలుగు నేల మీద గుర్తుపట్టి చాలా కాలమైంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో, నడుం వంగని మనుషులను షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివారు పరీక్షించి, దోషం తాగే నీటిలోని ఫ్లోరైడుదని 1937లో రాశారు. నల్లగొండ గురించి డాక్టర్ సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

పోషకాహార సంస్థ పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద చిన్న గదిలో మొదలుపెట్టిన పని అది. మన ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిందీ ఆ ఏడే! 1958లో సంస్థ హైదరాబాదు వచ్చి యూనివర్సిటీ పక్కన స్థిరపడింది. అక్కడి శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ పల్లెల్లో మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేలా కాళ్ళు వంకరపోయిన పడుచువాళ్ళను చూశారు. వెన్నెముక గట్టిపడుతుంటే కాళ్ళ ఎముకలు గుల్లబారుతున్నాయని 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. చూశారా, ఎముకల జబ్బు గుట్టు విప్పడంలో తిండీ నీళ్ళూ పరిశోధించేవారికీ వాటా ఉంది!

లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్ళు కాచితే అది పోదు సరికదా, నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. పటిక, సున్నంతో దాన్ని తీసేసే పద్ధతికి "నల్లగొండ పద్ధతి" అని పేరే పడింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఆ పల్లెలకు కృష్ణ నీళ్ళు చేర్చింది. అయితే ఒకసారి బిగిసిన ఎముక మళ్ళీ మెత్తబడదు. పెద్దత్తమ్మ నడుం నిలబడలేదు. కానీ దండగ వైద్యాలు ఆగాయి, ఊళ్ళో ఆమె మనవల నీళ్ళు మారాయి. అంతకంటే ఏం కావాలి?

ఇక మన సంగతి. నొప్పి రాగానే పక్కింటావిడ చెప్పిన డాక్టరు దగ్గరికి పరుగెత్తకండి. ముందు మామూలు ఫిజీషియన్‌కు చూపించండి. పొద్దున్నే వేళ్ళ కీళ్ళు వాచి, అరగంటకు పైగా పట్టేసి, పని చేసే కొద్దీ సడలుతున్నాయా? అది కీళ్ళవాతం డాక్టరు, అంటే రుమటాలజిస్టు చూడవలసింది. పడి దెబ్బ తగిలినా, మెట్లెక్కితే మోకాలు నొప్పి పెట్టి కూర్చుంటే తగ్గుతున్నా ఎముకల డాక్టరు. నొప్పి నడుం నుంచి పాదం దాకా లాగి, తిమ్మిరెక్కితే నరాల డాక్టరు కూడా చూడాలి. కాలు పట్టు తప్పినా, మూత్రం ఆపుకోలేకపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి, ఇంటిపని తరవాత చూసుకోవచ్చు. నడుం నొప్పితో పాటు సాయంత్రం జ్వరం వస్తూ మనిషి చిక్కిపోతుంటే వెన్నెముక క్షయ ఉందేమో చూపించాలి.

వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఏ మందులు వాడారు అన్నది రాసుకోండి. పుట్టిన ఊరు, అక్కడ తాగిన నీళ్ళు కూడా రాయండి. డాక్టరు అడగడం మరిచినా మనం చెప్పడం మరవకూడదు. పెద్దత్తమ్మను ఆ ప్రశ్న పదేళ్ళ ముందే ఎవరైనా అడిగి ఉంటే, ఆవిడ గాజులు ఆవిడ చేతికే ఉండేవి.

సెలవు.