ఆరంగుళాల మంచు

న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పిల్‌గ్రిమ్ హిల్ అని ఒక దిబ్బ ఉంది. సముద్రం దాటి వచ్చిన తొలినాటి వలసవాడి కంచు విగ్రహం 1885 నుంచి దాని మీద తుపాకీ పట్టుకుని నిలబడి ఉంది. ఎన్ని తరాల పిల్లలు ఆ వాలు మీద మంచుబండ్లు ఎక్కి జారారో దానికే తెలియాలి.

విగ్రహం నిలిచిన నాలుగేళ్లకు, 1889లో, ఫిలడెల్ఫియాకు చెందిన శామ్యూల్ లీడ్స్ అలెన్ కొత్త రకం స్లెడ్‌కు పేటెంటు పొందాడు. ఆయనది సేద్యపు పనిముట్ల వ్యాపారం. వాటికి గిరాకీ లేని నెలల్లో కూడా తన పనివాళ్లకు పని ఉండాలన్న తపనలోంచి పుట్టింది ఆ ఫ్లెక్సిబుల్ ఫ్లయర్. అంతకుముందు బండిని మళ్లించాలంటే కాలు నేలకు ఈడ్చాల్సిందే. దీనికి ముందువైపు ఒక అడ్డకర్ర ఉండేది. దాన్ని తిప్పితే కింది ఉక్కు పట్టీలు వంగి బండి దారి మార్చేది. పసివాడి చేతికి పగ్గాలు వచ్చాయి.

ఇక ఆ బండిదే రాజ్యం. పట్టీల తుప్పు గీకి, కొవ్వొత్తి రుద్ది, తాడు కట్టి వీధుల వెంట ఈడ్చుకుంటూ పార్కుకు చేరేవారు పిల్లలు. బోర్లా పడుకుని, గడ్డం మంచుకు జానెడు ఎత్తులో పెట్టి దూసుకుపోయేవారు. 1947లో క్రిస్మస్ మర్నాడు ఆ నగరం మీద రెండడుగులకు పైగా మంచు కురిసింది. ముందురోజు కానుకగా బండి అందుకున్న పిల్లల సంబరం ఎంతటిదో!

పతనం ఒక్క దెబ్బతో రాలేదు. చవక ప్లాస్టిక్ పళ్లేలు వచ్చాయి. 1968లో అలెన్ కంపెనీ చేతులు మారింది. చెక్కబండి గోడకెక్కి పండగ అలంకారమైంది.

తర్వాత భయం వచ్చింది. ఆ భయానికి కారణం ఉంది. ఒమాహా నగరంలో ఒక అయిదేళ్ల పాప స్లెడ్ మీద జారుతూ చెట్టుకు గుద్దుకుని కదలలేని స్థితికి వచ్చింది. దావా పడి ఆ నగరం 20 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చుకుంది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ ఆటా గొప్పది కాదు. అలాంటి దావాలను చూసి 2015లో అయోవా రాష్ట్రంలోని డుబ్యూక్ తన 50 పార్కుల్లో రెండింటిలో తప్ప జారడాన్ని నిషేధించింది.

చివరకు మంచే ముఖం చాటేసింది. 2022-23 శీతాకాలమంతా కలిపి సెంట్రల్ పార్కులో పడింది 2.3 అంగుళాలు. 1869 నుంచి ఉన్న లెక్కల్లో అంత తక్కువ ఎన్నడూ లేదు. ఒకే రోజు ఒక అంగుళమైనా కురవకుండా 701 రోజులు గడిచాయి. బాల్యంలో స్లెడ్ ఎక్కే శీతాకాలాలు పదికి మించవు. అందులో దాదాపు రెండు అలా వట్టిపోయాయి.

2024 జనవరి 16న ఆ గండం గడిచి ఒక అంగుళానికి కాస్త పైన కురిసింది. పిల్‌గ్రిమ్ హిల్ మీద జారాలంటే ఆరంగుళాలు ఉండాలని పార్కు నియమం. గోడకెక్కిన బండి అడ్డకర్ర ఇంకా తిరుగుతుంది, పట్టీలు ఇంకా వంగుతాయి. దిబ్బ ఉన్నచోటే ఉంది. ఆ రోజు ఆ కొద్దిపాటి తెలుపు కింద గడ్డి మాత్రం కనిపిస్తూనే ఉండింది.