యుగంధర్ రాని ఫిలింనగర్: తెలుగు అపరాధ పరిశోధన నవల, నగరం, సినిమా

కీలక పదాలు: అపరాధ పరిశోధన నవల, కొమ్మూరి సాంబశివరావు, ఆరుద్ర, మద్రాసు, ఫిలింనగర్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులోని జూబిలీహిల్స్, ఫిలింనగర్ కేంద్రంగా నిర్మితమవుతున్న నేటి తెలుగు చిత్రాల్లో నేరపరిశోధన కథలకు స్థిరమైన స్థానం ఏర్పడింది. 'క్షణం' (2016), 'ఎవరు' (2019), 'హిట్' (2020) వంటివి ఇందుకు నిదర్శనాలు. అయితే ఈ పరిశ్రమకు ముందుతరం పాఠకులు తలకింద పెట్టుకొని పడుకున్న పుస్తకాల్లోని పరిశోధకుడు, కొమ్మూరి సాంబశివరావు (1926-1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, వెండితెరమీద ఒక చిత్రపరంపరగా నిలదొక్కుకోలేదు. బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ సృష్టి అయిన బ్యోమకేశ్ బక్షి, సత్యజిత్ రాయ్ సృష్టి అయిన ఫెలూదా పుస్తకం నుంచి తెరకు తమ పేర్లతోనే నడిచి వచ్చారు. తెలుగులో అలా ఎందుకు జరగలేదన్నది పరిశీలించదగిన ప్రశ్న. జనాదరణ కొరవడిందని చెప్పడానికి వీలులేదు కనుక, కారణాన్ని వేరొకచోట వెతకవలసి ఉంటుంది.

2. మద్రాసు: పరిశోధకుని నగరం

ఎడ్గార్ ఎలన్ పో 1841లో పారిస్ నేపథ్యంగా రాసిన కథతో ఈ ప్రక్రియ ఆరంభమైనట్లు సాధారణంగా భావిస్తారు. 1887లో కోనన్ డాయిల్ నవలతో షెర్లాక్ హోమ్స్ ప్రవేశించాడు. పో పరిశోధకుడు పారిస్‌ను, హోమ్స్ లండన్‌ను విడిచి ఉండరు. అపరిచితులు పక్కపక్కన బతికే మహానగరం లేనిదే అపరాధ పరిశోధన కథ పుట్టదు. గ్రామంలో నేరస్థుణ్ణి ఊరంతా ఎరుగును. మన మర్యాద రామన్న కథల్లో సమస్య దొంగ ఎవరన్నది తెలియకపోవడం కంటే, అతనిచేత నిజం ఒప్పించడం. యుక్తితో న్యాయం నిలబెట్టే మనిషిపట్ల తెలుగువారికి గల మక్కువకు ఆ కథలే సాక్ష్యం. దానికి ఆధారాల సేకరణ, అనుమానితుల జాబితా, తర్కబద్ధమైన నిరూపణ తోడు కావడానికి నగరం అవసరమైంది.

తొలిదశలో ఆ నగరం కూడా అరువే. పాంచ్‌కౌడీ దే వంటి బెంగాలీ రచయితల నవలలు తెలుగులోకి వచ్చాయి. దేవరాజు వేంకటకృష్ణారావు 'వాడే వీడు' తొలినాళ్ళ అపరాధ పరిశోధన రచనల్లో ప్రసిద్ధం. ప్రక్రియ స్వంత చిరునామాను సంపాదించుకున్నది స్వాతంత్ర్యానంతరం, మద్రాసులో. తెలుగు ప్రచురణ రంగం, తెలుగు చలనచిత్ర పరిశ్రమ రెండూ అప్పుడు అక్కడే ఉన్నాయి.

యుగంధర్ మద్రాసువాసి. సహాయకుడు రాజు, కార్యదర్శి కాత్యాయని, పోలీసుశాఖ తరఫున ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, వీధుల్లో పరుగులు తీసే క్రైస్లర్ కారు: ఈ పరివారం నవల నుంచి నవలకు మారదు. హోమ్స్‌కు వాట్సన్ ఎలాగో యుగంధర్‌కు రాజు అలాగ. పాఠకుడికి కలిగే సందేహాలన్నీ ముందు రాజుకు కలుగుతాయి. నేరం ప్రతిసారీ కొత్తది, ఇల్లు మాత్రం పాతది. చదువరిని మళ్ళీ మళ్ళీ రప్పించినది హత్య కాదు, ఆ ఇంటి పరిచయమే అనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో గ్రాంథికం ఇంకా కొనసాగుతున్న కాలంలో ఈ నవలలు చిన్నచిన్న వాక్యాలతో, వాడుకమాటలతో సాగాయి. అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాల నుంచీ, రైల్వే స్టేషన్ల పుస్తకాల అంగళ్ళ నుంచీ అవి చిన్న పట్టణాలకు చేరి, మద్రాసును చూడనివారికి దాని వీధులను చూపించాయి. వ్యవహారభాషా ప్రచారాన్ని గురించి రాసేటప్పుడు ఈ పుస్తకాలను విస్మరించడం మన సాహిత్యచరిత్రకు అలవాటైన లోపం.

3. ఆరుద్ర తెచ్చిన మలుపు

ఆ మద్రాసులోనే 'త్వమేవాహం' కవి ఆరుద్ర కూడా అపరాధ పరిశోధన నవలలు రాశారు. వాటిలో 'పలకల వెండిగ్లాసు' పేరెన్నికగన్నది. ఆయన నవలలను జీవనోపాధి కోసం చేసిన రచనలుగా పక్కన పెట్టేయడం సులభం. కానీ తరువాతి కాలంలో 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన పరిశోధకుడూ ఆయనే. శాసనం, తాళపత్రం, చాటుపద్యం అనే ఆధారాలను ఎదురెదురుగా నిలబెట్టి కవి కాలాన్ని తేల్చే పనికీ, సాక్షుల మాటలను సరిపోల్చే డిటెక్టివ్ పనికీ చుట్టరికం ఉందని సాహిత్య పరిశోధకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఆరుద్ర సినిమా రచయిత కూడా. నవలా పరిశోధకుణ్ణి తెరకు తేగల చేతులు ఎవరివైనా ఉంటే అవి ఆయనవే. అయితే 1966లో ఆయన సంభాషణలు సమకూర్చిన 'గూఢచారి 116'లో కృష్ణ ధరించిన పాత్ర పరిశోధకుడు కాదు, జేమ్స్‌బాండ్ తరహా గూఢచారి. దీనికి ఒక్క ఏడాది ముందు, 1965లో, సత్యజిత్ రాయ్ బాలల పత్రిక 'సందేశ్'లో ఫెలూదాను ప్రవేశపెట్టారు. 1974లో 'సోనార్ కెల్లా'తో ఆయనే తెరకెక్కించారు. రచయితలిద్దరూ సినిమావారే, మార్గాలు మాత్రం వేరు. రాయ్ తన చిత్రానికి తానే కర్త. ఆరుద్ర తారలకు కథను అమర్చవలసిన పరిశ్రమలో రచయిత. కుర్చీలో కూర్చొని ఆలోచించే మనిషికి ఆ పరిశ్రమలో పాటా లేదు, పోరాటమూ లేదు. పైగా హంతకుడెవరో తెలిసిపోయిన చిత్రాన్ని రెండోసారి చూసేవారు తక్కువ. కుతూహలం కంటే ఉత్కంఠ మేలని హిచ్‌కాక్ అభిప్రాయపడటానికి కారణమూ ఇటువంటిదే.

గూఢచారికి ఈ ఇబ్బందులు లేవు. అతనికి ఊరు కూడా అక్కరలేదు. 'జేమ్స్‌బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978), 'రహస్య గూఢచారి' (1981) వంటి చిత్రాలతో కృష్ణ ఆ బాటను విస్తరించారు. నవలల్లో మధుబాబు షాడో ఇదే ధోరణికి చెందినవాడు. 1979లో 'యుగంధర్' అనే చిత్రం వచ్చిన మాట నిజమే. అది హిందీ 'డాన్'కు పునర్నిర్మాణం, కథానాయకుడు ఎన్.టి.రామారావు, కొమ్మూరి పాత్రతో దానికి పేరు తప్ప వేరే పొత్తు లేదు.

4. వలసలో మిగిలిపోయినవాడు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం మద్రాసు లేకుండా ఏర్పడింది. పరిశ్రమ మాత్రం వెంటనే కదలలేదు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది. ఆపై కృష్ణ పద్మాలయా స్టూడియో, డి.రామానాయుడు స్టూడియో ఫిలింనగర్ వైపు బండరాళ్ళ మధ్య వెలిశాయి. గూఢచారి 116గా పేరుపొందిన నటుడు ఆ కొండల్లో ఒక స్టూడియోకు యజమాని కావడం గమనార్హం. గూఢచారి సినిమాతోపాటు వలస వచ్చాడు. యుగంధర్ రాలేదు. అతని వీధులు, టెలిఫోను నెంబర్లు, పోలీసు కమిషనరు కార్యాలయం అన్నీ మద్రాసువి. ఆ నగరం తెలుగు కథకు సహజమైన నెలవుగా మిగలని రోజున, దాని పరిశోధకుడు కూడా పాత పుస్తకాల అటకకే పరిమితమయ్యాడు. తారల అవసరాలు అతణ్ణి ఆపి ఉండవచ్చు. తిరిగి రానీయకుండా చేసినది మాత్రం ఈ స్థానభ్రంశమే.

పరివర్తన కాలంలో డిటెక్టివ్ హాస్యపాత్రగా కనబడటం కాకతాళీయం కాకపోవచ్చు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన 'చంటబ్బాయి' (1986)లో చిరంజీవి పాత్ర తనను జేమ్స్‌పాండ్‌గా చెప్పుకుంటుంది. నవ్వు వెనుక కథ మాత్రం తప్పిపోయిన మనిషిని వెతికి పట్టుకోవడమే.

నగరం మళ్ళీ కుదిరాక పరిశోధన కూడా తిరిగి వచ్చింది. శైలేష్ కొలను 'హిట్' మొదటి చిత్రంలో ఒక యువతి హైదరాబాదు బాహ్యవలయ రహదారిపై అదృశ్యమవుతుంది. రెండవది (2022) విశాఖపట్నంలో నడుస్తుంది. ఆ పరిశోధకులు పోలీసు అధికారులు. పోలీసుశాఖలో లేకుండా, స్వంత బోర్డు కట్టుకొని కూర్చున్న డిటెక్టివ్ 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019)లో దర్శనమిచ్చాడు. స్వరూప్ ఆర్.ఎస్.జె. దర్శకత్వంలో నవీన్ పొలిశెట్టి ధరించిన ఆ పాత్రకు సహాయకురాలు ఉంది, షెర్లాక్‌పట్ల ఆరాధన ఉంది, పోలీసులతో తగవు ఉంది. అతని కార్యాలయం జూబిలీహిల్స్‌లో కాదు, నెల్లూరులో: విజయవాడ నుంచి మద్రాసుకు పోయే రైలుమార్గంలో, యుగంధర్ నగరానికి ఇవతల.