చెల్లింపు వార్త: ప్రకటనకు వార్త వేషం

ధన రూపంలో గాని, ఇతర రూపంలో గాని ప్రతిఫలం పుచ్చుకొని ఒక పత్రిక లేదా ప్రసార మాధ్యమం వెలువరించే వార్తను, విశ్లేషణను భారత ప్రెస్ కౌన్సిల్ ‘పెయిడ్ న్యూస్’గా నిర్వచించింది. తెలుగులో దీనికి ‘చెల్లింపు వార్త’ అనే పేరు స్థిరపడింది. గ్రామాల్లో మాత్రం ‘ప్యాకేజీ వార్త’ అంటేనే త్వరగా బోధపడుతుంది.

పౌర సంబంధాల వృత్తికీ, దీనికీ గల భేదాన్ని ముందుగా గుర్తించవలసి ఉన్నది. ఒక సంస్థ ప్రెస్ నోట్ పంపడం, విలేకరుల సమావేశం ఏర్పాటు చేయడం ధర్మబద్ధమైన పనులే. ఆ సమాచారాన్ని ప్రచురించడం, మానడం సంపాదకుని విచక్షణకు సంబంధించిన విషయం. రుసుము చెల్లించి ప్రకటన వేయించుకోవడమూ తప్పు కాదు. పాఠకుడు దానిని ప్రకటనగానే చదువుతాడు. చెల్లింపు జరిగిన సంగతిని దాచి, అదే విషయాన్ని విలేకరి రాసిన వార్త వలె అచ్చువేసినప్పుడే దోషం ఏర్పడుతున్నది. ఎన్నికల కాలంలో ఈ దోషం మరింత పెరుగుతుంది. అభ్యర్థి వ్యయానికి చట్టం పరిమితి విధించింది. 2009లో పెద్ద రాష్ట్రాలలో శాసనసభ అభ్యర్థికి అది 10 లక్షల రూపాయలు, లోక్‌సభ అభ్యర్థికి 25 లక్షలు. 2022 నుండి ఈ పరిమితులు వరుసగా 40 లక్షలు, 95 లక్షలు. ప్రకటన ఖర్చు లెక్కలోకి వస్తుంది; వార్త రాదు. నగదుగా చేతులు మారిన సొమ్ముకు రశీదు ఉండదు, పన్నూ ఉండదు.

ఈ విషయమై దేశవ్యాప్త చర్చకు కారణమైన ఉదంతం తెలుగువారికి సమీపంలోనే జరిగింది. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా తెలంగాణకు ఆనుకొని ఉన్నది. ఆ జిల్లాలోని భోకర్ నియోజకవర్గం నుండి 2009 అక్టోబరు ఎన్నికలలో నాటి ముఖ్యమంత్రి అశోక్ చవాన్ గెలుపొందారు. ఎన్నికల ప్రచార కాలంలో ఆయనను కీర్తిస్తూ మరాఠీ పత్రికలలో పుటల కొద్దీ వ్యాసాలు వెలువడ్డాయి. ఒకదానితో ఒకటి పోటీపడే పత్రికలలో ఒకే వ్యాసం పొల్లుపోకుండా కనిపించడాన్ని పాత్రికేయుడు పి. సాయినాథ్ ‘ది హిందూ’లో బయటపెట్టారు. చవాన్ సమర్పించిన లెక్కలో పత్రికా ప్రకటనల వ్యయం 5,379 రూపాయలు మాత్రమే! వ్యయ లెక్కల సత్యాసత్యాలను విచారించే అధికారం ఎన్నికల సంఘానికి ఉన్నదని సుప్రీంకోర్టు 2014 మేలో తీర్పు చెప్పింది. అనంతరం ఎన్నికల సంఘం చవాన్‌కు ప్రతికూలంగా ఇచ్చిన ఉత్తర్వును అదే సంవత్సరం సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. చెల్లింపునకు రుజువు దొరకడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి ఈ వ్యాజ్యమొక్కటే చాలును.

2009లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడ ఇటువంటి ఆరోపణలు వచ్చాయి. ఆ రాష్ట్ర శ్రమజీవి పాత్రికేయుల సంఘం (ఏపీయూడబ్ల్యూజే) పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా పరిశీలన జరిపి, చెల్లింపు వార్తల వ్యాపారాన్ని బహిరంగంగా ఖండించింది. యాజమాన్యాలకు వ్యతిరేకంగా పాత్రికేయులే నోరు విప్పడం సామాన్య విషయం కాదు. అయితే ఈ వ్యాపారపు అట్టడుగు మెట్టుపై ఉన్న మండల విలేకరి స్థితిని కూడ గమనించాలి. నెల జీతం లేక, అచ్చయిన పంక్తుల కొలతను బట్టి లభించే ‘లైన్ అకౌంట్’ సొమ్ముతో, ప్రకటనల కమీషన్‌తో కాలం గడిపే వారెందరో ఉన్నారు. వార్త రాసేదీ, ప్రకటన అడిగేదీ ఒకే మనిషి అయినప్పుడు రెంటి నడుమ గోడ నిలవదు.

ప్రెస్ కౌన్సిల్ ఈ వ్యవహారాన్ని పరిశీలించడానికి పరంజయ్ గుహ ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డిలతో ఉపసంఘాన్ని నియమించింది. వారి నివేదిక 71 పుటలు; పత్రికల పేర్లు, వాటి వివరణలు అందులో ఉన్నాయి. 2010 జూలైలో కౌన్సిల్ దానిని కుదించి, పేర్లు లేని సంక్షిప్త నివేదికను మాత్రమే ఆమోదించింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశంతో 2011లో గాని పూర్తి ప్రతి ప్రజలకు అందలేదు. పత్రికలను తీర్పు చెప్పవలసిన మండలి పత్రికలకే జంకిందన్న విమర్శకు ఇది తావిచ్చింది.

ఈ రుగ్మత ఎన్నికలకే పరిమితమైనది కాదు. కంపెనీల వాటాలు తీసుకొని బదులుగా ప్రకటనల స్థలం ఇచ్చే ‘ప్రైవేట్ ట్రీటీ’ ఒప్పందాలను కొన్ని మాధ్యమ సంస్థలు కుదుర్చుకున్నాయి. తనకు వాటా ఉన్న కంపెనీ గురించి పత్రిక నిష్పాక్షికంగా రాయగలదా అని సెబీ 2009లో ప్రెస్ కౌన్సిల్‌కు సందేహం తెలిపింది. అట్టి వార్తలలో వాటా సంగతి వెల్లడించడం తప్పనిసరి అని మరుసటి సంవత్సరం నిర్ణయమైంది.

శిక్షకు దారితీసిన తొలి ఉదంతం ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీది. 2007 ఎన్నికలలో గెలిచిన ఉమ్లేశ్ యాదవ్‌ను, పత్రికలో వెలువడిన సామగ్రికి అయిన 21,250 రూపాయలను లెక్కలో చూపనందున ఎన్నికల సంఘం 2011 అక్టోబరులో మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది. ఫిర్యాదు చేసినది ఓడిన ప్రత్యర్థి. ఇక్కడ అభ్యర్థికి పడిన శిక్ష లెక్క తప్పుగా చూపినందుకు. చెల్లింపు వార్త అనే నేరానికి కాదు. ఎందుకనగా, అటువంటి నేరం ప్రజాప్రాతినిధ్య చట్టంలో లేదు. దానిని ఎన్నికల నేరంగా చేర్చాలని 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో సిఫారసు చేసింది. అది అమలుకు నోచుకోలేదు.

ప్రస్తుతం ఉన్న ఏర్పాటు జిల్లా స్థాయి మాధ్యమ ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీ. అనుమానాస్పద వార్తపై ఈ కమిటీ సూచన మేరకు, ప్రచురణ జరిగిన 96 గంటలలోపు రిటర్నింగ్ అధికారి అభ్యర్థికి నోటీసు ఇస్తారు. అభ్యర్థి 48 గంటలలో జవాబు చెప్పాలి. చెల్లింపు వార్తేనని తేలితే ప్రభుత్వ ప్రకటనల ధర ప్రకారం దాని విలువ కట్టి అభ్యర్థి ఖాతాలో చేరుస్తారు. నిర్ణయంపై రాష్ట్ర కమిటీకి, ఆపైన ఎన్నికల సంఘానికి అప్పీలు చేసుకోవచ్చును.

సరిహద్దు జిల్లాలలో ఇక్కడొక చిక్కు ఉన్నది. బళ్లారి, కోలారు, హోసూరు, రాయగడ వంటి చోట్ల పోటీ చేసే అభ్యర్థి గురించి తెలుగు పత్రికలోనూ వార్తలు రావచ్చును. కమిటీలో తెలుగు చదవగలిగినవారు లేకపోతే అవి దృష్టికి రాకుండానే గడువు దాటిపోవచ్చును. అందువలన పాఠకుని ఫిర్యాదుకు ఇక్కడ విలువ ఎక్కువ. ఫిర్యాదు చేసేవారు వార్తను కత్తిరించి పంపడం కంటే తేదీ, ఎడిషన్ పేరు, పుట సంఖ్య కనిపించేటట్లు పూర్తి పుటను జతపరచడం మేలు. జిల్లా ఎడిషన్‌లో వచ్చినది పక్క జిల్లా ఎడిషన్‌లో ఉండదు గనుక, ఎడిషన్ పేరు లేని కత్తిరింపు విచారణలో నిలవడం కష్టం. అదే వ్యాసం మరో పత్రికలోనూ అక్షరం మారకుండా వచ్చి ఉంటే రెండు పుటలనూ కలిపి జిల్లా ఎన్నికల అధికారి కార్యాలయంలో సమర్పించి, రశీదు తీసుకోవాలి.