చంపాదేశమున వెలసిన భగవతి



నూతనాలయ నిర్మాణముకంటె జీర్ణోద్ధరణము మిన్న యని పెద్దలు చెప్పుదురు. ఈ మాటకు నేటి వియత్నాం దేశమున వేయేండ్లకు మించిన సాక్ష్యమున్నది.

ఆ దేశపు సముద్రతీరమున పూర్వము చాం జాతివారి చంపారాజ్యము వర్ధిల్లెను. వారు తమ భూమినే తల్లిగా కొలిచిరి. ఆమె పేరు పో నగర్. దేశమునకు అధిదేవత యని భావము. వరి పండించుట, వస్త్రము నేయుట ఆ తల్లియే నేర్పెనని వారి విశ్వాసము. వారి రాజులు శివభక్తులు, సంస్కృతమున శాసనములు వ్రాయించినవారు. అయినను ఆ దేశ్యదేవతను విడనాడక, ఆమెయందే భగవతిని దర్శించిరి.

ఆమె ఆలయము కౌఠార మండలమున, అనగా నేటి న్యాచాంగ్ నగరమున, నది కడలిలో కలియుచోట గుట్టపై నున్నది. క్రీ.శ. 774లో నావలపై వచ్చిన పరదేశీయులు దానిని దగ్ధము చేసి, ముఖలింగమును అపహరించిరి. సత్యవర్మ మహారాజు వారిని సముద్రముపై వెన్నాడి జయించెను గాని, ముఖలింగము మాత్రము నీటిపాలయ్యెను. ఆయన నిరాశ చెందక, 784లో ఆలయమును ఉద్ధరించి, నూతన ముఖలింగమును ప్రతిష్ఠించెను.

918లో మూడవ ఇంద్రవర్మ భగవతికి స్వర్ణవిగ్రహము చేయించెను. కొన్ని దశాబ్దములకే కాంబోజ సైన్యము దానిని కొనిపోయెను. 965లో జయ ఇంద్రవర్మ అదే స్థానమున శిలావిగ్రహమును నిలిపెను. 1050లో జయ పరమేశ్వరవర్మ దేవికి దానములొసగెను. దశభుజయైన శిలామూర్తి నేటికిని 20 మీటర్లకు మించిన ఇటుక గోపురమున పూజలందుకొనుచున్నది.

1653లో కౌఠారము వియత్నాం ప్రభువుల వశమయ్యెను. రాజ్యము పోయినను తల్లి పోలేదు. క్రొత్తగా వచ్చినవారు ఆమెనే థియెన్ యా నా యను పేర కొలిచి, ఏటేటా తమ పంచాంగపు మూడవ మాసమున ఉత్సవము జరుపుచున్నారు. దక్షిణమున పూర్వపు పాండురంగ మండలమున నివసించు చాం జనులు కాటే పండుగ చేయుదురు. అప్పుడు రగ్లాయ్ కొండజాతివారు తాము భద్రపరచిన అమ్మవారి వస్త్రములను భక్తితో దింపి తెత్తురు.

దాతలారా! కనకము దొంగలపాలైనది, రాజ్యము కాలగర్భమున కలిసినది. నిలిచినది మరల ప్రతిష్ఠించిన సంకల్పము, విడువని అర్చన. మన కార్యమును కుంభాభిషేకముతో ముగిసినదని తలపకుడు. నిత్యదీపము, నిత్యనైవేద్యము మీ బిడ్డల కాలమునను కొనసాగునట్లు చూచినప్పుడే మీ దానము పూర్ణఫలమిచ్చును.

జగన్మాత మిమ్ము సకుటుంబముగ రక్షించుగాక!

శుభం భూయాత్.