పొడి అక్షరము – పూర్తి పేరు

రాజపాళయపు తెలుగు కుటుంబములలో పెక్కుమంది పేర్లకు ముందు ఒక పొడి అక్షరము నిలుచును. బడి పట్టికలోను, బ్యాంకు పుస్తకములోను, పెండ్లి శుభలేఖలోను అది ‘పి.’ యని కనబడును. ఆ చుక్క వెనుక నున్న పేరేదో మన బిడ్డలందఱును చెప్పగలరా యని మనము విచారింపవలసియున్నది.

ఈ ‘పి.’కి తెలుగువారిలోనే ఎన్ని యర్థములో చూడుడు. 1991 నుండి 1996 వఱకు భారత ప్రధానిగా నుండిన పి. వి. నరసింహారావుగారి ‘పి.’ పాములపర్తి. గాయని పి. సుశీలగారి ‘పి.’ పులపాక. గాయకులు పి. బి. శ్రీనివాస్ గారి విషయమున రెండక్షరములును కలిసి ‘ప్రతివాది భయంకర’ మను ఒకే యింటిపేరు. వాదమున ఎదిరిని గెలిచిన వైష్ణవాచార్యుని బిరుదది. 1949 నుండి 1952 వఱకు మద్రాసు ప్రభుత్వమునకు నాయకత్వము వహించిన మన యూరి పి. ఎస్. కుమారస్వామి రాజాగారి ‘పి.’ పూసపాటి; ‘ఎస్.’ సంజీవి.

పూసపాటి యనగా పూసపాడునకు చెందినవారని యర్థము. ‘నాడు’ ‘నాటి’ యైనట్లు ‘పాడు’ ‘పాటి’ యగును. దీనినే మన వ్యాకరణము ఔపవిభక్తిక మనును. ఉత్తరాంధ్రమున విజయనగరము సంస్థానాధీశుల యింటిపేరును ఇదియే. ఆ పేరు నిండుగ పలికినచో మన పూర్వులు విడిచి వచ్చిన నేల గుర్తునకు వచ్చును. ‘పి.’ యని ముగించినచో రాదు.

మన చుట్టునున్న తమిళుల ఆచారము వేఱు. విరుదునగరపు కె. కామరాజ్ గారి ‘కె.’ తండ్రి పేరైన కుమారస్వామి. సి. ఎన్. అన్నాదురైగారి ‘సి.’ కాంజీవరము, ‘ఎన్.’ నటరాజన్. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి ‘ఎం.’ మధుర, ‘ఎస్.’ తల్లియగు షణ్ముఖవడివు. తండ్రి పేరు తరతరమునకు మాఱును, ఇంటిపేరు మాఱదు. రెండాచారములును గౌరవింపదగినవే. అయినను రెండును ఒకే చుక్క వెనుక దాగుటచే చిక్కు కలుగుచున్నది. ఒక తరమున ఇంటిపేరు అక్షరమాత్రమగును. మఱు తరమున తండ్రి పేరు దాని స్థానమును పొందును. మూడవ తరమువారికి తమ యింటిపేరే తెలియదు. దాయాదు లెవరో, వియ్యమునకు తగినవారెవరో నిర్ణయించుటకు ఇన్నాళ్లును తోడ్పడిన గుర్తు అట్లు చెడిపోవును.

ఈ విషయమున తమిళుల యొద్ద నేర్వదగినది కలదు. వారు తమ లిపిలో ఆంగ్లాక్షరము ననుసరింపక, పేరులోని మొదటి యక్షరమునే వ్రాయుదురు. అన్నాదురైగారు ‘కా. న.’, మన కుమారస్వామి రాజాగారు ‘పూ. స.’ పొడి అక్షరములను సైతము తమిళముననే వ్రాయవలెనని తమిళనాడు ప్రభుత్వము 2021లో ఉత్తరువు చేసినది. ‘పూ.’ యని చూచినవారికి పాములపర్తియో, పులపాకయో యను సందేహము రాదు.

తెలుగున వ్రాయునపుడు మనమును ఈ పద్ధతినే పాటింతము. అంతకంటె ముఖ్యముగ, పెద్దలు మన నడుమ నుండగనే ప్రతి కుటుంబమును తన యింటిపేరును, గోత్రమును, తాత ముత్తాతల పేర్లను ఒక పుస్తకమున నిండుగ వ్రాసి బిడ్డలకు చదివి వినిపింపవలెను. పొడి అక్షరమును విప్పి చెప్పువారు ఇంట నున్నంత కాలమే అది పేరుగా నిలుచును.