భాగహారం తప్పింది, కంపెనీ దిగివచ్చింది

కంప్యూటర్ల చరిత్రలో డిసెంబరు 20 ఏటా తలచుకోవలసిన తేదీ. 1994లో ఆ రోజున ఇంటెల్ కంపెనీ, తన పెంటియం చిప్ కొన్నవారిలో ఎవరు అడిగినా, ఎందుకని ప్రశ్నించకుండా ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. ఏ న్యాయస్థానమూ తీర్పు చెప్పకముందే అంతటి సంస్థ దిగివచ్చిందంటే, అందుకు మూలం కొన్ని వారాలపాటు ఆన్‌లైన్‌లో సాగిన వాదోపవాదాలు.

కొనుగోలుదారుడి ఫిర్యాదు కొత్తది కాదు. క్రీ.పూ. 1750 ప్రాంతంలో మెసొపొటేమియాలోని ఊర్ నగర వర్తకుడు ఏ-నాసిర్ పనికిరాని రాగి అంటగట్టబోయాడనీ, తన మనుషులను చులకనగా చూసి ఉత్తచేతులతో పంపాడనీ నన్నీ అనే కొనుగోలుదారుడు మట్టిపలక మీద రాయించి పంపాడు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ పలక ఎత్తు 11.6 సెంటీమీటర్లే. అయితే ఆ ఫిర్యాదు వెళ్ళింది వర్తకుడికే గాని అతని వద్ద సరుకు కొనే తక్కినవారికి కాదు. ఆటల అభిమానుల కలహాలూ పాతవే: 532లో కాన్‌స్టాంటినోపుల్‌లో రథపందేల నీలి, ఆకుపచ్చ జట్ల అభిమానులు ఏకమై చక్రవర్తిపై తిరగబడగా, ఆ అణచివేతలో 30,000 మందికి పైగా చనిపోయారని ప్రొకోపియస్ రాశాడు. అక్కడ జనం కూడారు గాని వాదనకు తావు లేకపోయింది.

ఆ రెండూ ఒకచోట కలిసింది యూజ్‌నెట్‌లో. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ తలపెట్టిన ఈ ఏర్పాటులో, ఒకరు రాసిన సందేశం కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు నకలై, చదవదలచిన అందరికీ చేరేది. విషయానికొకటిగా ఉండే చర్చా విభాగాలను న్యూస్‌గ్రూపులనేవారు. క్రికెట్టు, సినిమాలు, వీడియో గేములు, దేనికదే వేరుగా ఉండేది; సినిమా గ్రూపులో పోగైన జాబితాలే 1990లో ఐఎండీబీ అనే సినిమా సమాచార నిధికి పునాది అయ్యాయి. విదేశాల్లోని తెలుగువారు తమ గ్రూపులో తెలుగును రోమన్ అక్షరాల్లో రాసుకునేవారు.

ఇక అసలు కథ 1994 నాటిది. వర్జీనియాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ జంట ప్రధాన సంఖ్యలపై, అంటే 11, 13 వలె రెండే తేడా గల ప్రధాన సంఖ్యలపై, పరిశోధిస్తూ, వాటి వ్యుత్క్రమాల మొత్తం ఒక యంత్రంలో తేడాగా రావడం గమనించారు. తన ప్రోగ్రామునూ తక్కిన భాగాలనూ ఒక్కొక్కటిగా అనుమానించి, పరీక్షించి, నెలల తర్వాత లోపం పెంటియం చిప్‌లోనే ఉందని తేల్చారు. ఇంటెల్‌కు తెలిపినా సరైన జవాబు రాకపోవడంతో అక్టోబరు 30న తోటివారికి ఈమెయిల్ పంపారు. కొద్ది రోజుల్లోనే ఆ సంగతి ఇంటెల్ న్యూస్‌గ్రూపుకు పాకింది.

అక్కడ జరిగినది ఎంత మెచ్చుకున్నా తక్కువే. టిమ్ కో అనే ఇంజనీరు ఎవరైనా సరిచూసుకోగల ఒక లెక్క ఇచ్చారు: 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.33382 రావాలి, లోపమున్న చిప్ 1.33374 అని చూపేది. ఆ రెండు సంఖ్యలూ కొట్టి చూస్తే చాలు, వాదన తేలిపోయేది. భాగహారానికి చిప్ సంప్రదించే అంకెల పట్టికలో అయిదు గడులు ఖాళీగా మిగిలిపోవడమే లోపానికి కారణం. సామాన్య వినియోగదారుడికి ఈ తప్పు 27,000 ఏళ్ళకొకసారి ఎదురవుతుందని ఇంటెల్ అంటే, 24 రోజులకొకసారి రావచ్చని ఐబీఎం లెక్కగట్టి, పెంటియం యంత్రాల సరఫరా ఆపేసింది. అంతకుముందే నవంబరు 27న ఇంటెల్ అధిపతి ఆండీ గ్రోవ్ న్యూస్‌గ్రూపులోనే వివరణ ఇచ్చుకున్నారు; అయితే క్లిష్టమైన గణనలు చేసేవారినే ఆదుకుంటామన్న ధోరణి, చిప్‌కు డబ్బు చెల్లించిన తక్కినవారి కోపాన్ని మరింత రెచ్చగొట్టింది. చివరకు ఇంటెల్ ఈ లోపానికి 47.5 కోట్ల డాలర్ల ఖర్చు రాసుకోవలసి వచ్చింది. సాటివారి ముందు పెట్టిన, సాటివారు సరిచూసుకోగలిగిన ఫిర్యాదుకు అంతటి బలం ఉంటుందని గట్టిగా చాటిన ఘట్టం ఇది అనడం అతిశయోక్తి కాదు.

ఆ తర్వాతి చరిత్ర ఒక దారిన నడవలేదు. ఐఎండీబీ తన చర్చావేదికలను 2017 ఫిబ్రవరిలో మూసివేసింది. అదే ఏడాది నవంబరులో ఒక స్టార్ వార్స్ వీడియో గేములో పేరున్న పాత్రలు దక్కాలంటే గంటల తరబడి ఆడవలసి రావడంపై ఆటగాళ్ళు నిలదీయగా, ఈఏ కంపెనీ ఇచ్చిన సమాధానానికి రెడిట్‌లో 6 లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి, కంపెనీ ఆ పాత్రల ధరను 75 శాతం తగ్గించింది. మరోవైపు, తారల అభిమానులు సినిమా చూడకుండానే ఇచ్చే రేటింగులను సరిచూడడానికి ఏ భాగహారమూ లేదు. నేడు కంపెనీల కస్టమర్ కేర్ విభాగాలు బహిరంగ ఫిర్యాదు కనబడగానే వివరాలు విడిగా మెసేజ్ చేయమంటాయి. ఫోన్ నంబరు వంటివి దాచడానికి అది అవసరమే, కాని పరిష్కారం కూడా ఆ చాటునే జరిగిపోవడంతో, అదే లోపంతో అదే వస్తువు కొన్న రెండో మనిషి మళ్ళీ మొదటి నుంచి ఒంటరిగా అడగవలసి వస్తోంది.